బైక్ వెనక షాక్ శాగ్ ఇంట్లోనే సెట్ చేసుకోవడం

మెకానిక్ షాపుకి పోకముందే కొలిచే టేపు తీసుకోండి, ఒక ఫ్రెండ్‌ని పిలవండి. శాగ్ అంటే మీరు కూర్చున్నప్పుడు సస్పెన్షన్ ఎంత దిగుతుందన్నది, అంతే.

సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా, యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నిటారుగా పైన టెయిల్ ప్యానెల్ మీద అతికించిన టేపు ముక్క దాకా కొలవండి. తర్వాత స్టాండ్ తీసి, హెల్మెట్, జాకెట్‌తో సహా కూర్చుని, రెండు కాళ్లూ ఫుట్‌పెగ్స్ మీద పెట్టండి, ఫ్రెండ్ బైక్ పట్టుకుని ఉండాలి. ఇక్కడే చాలామంది తప్పుతారు: లోపలి సీళ్ల రాపిడి వల్ల షాక్ ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది, కాబట్టి సీటుని కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒకసారి, పైకి లేపి మెల్లగా వదిలి ఇంకోసారి కొలిచి సగటు తీయండి. మొదటి కొలతలోంచి ఆ సగటుని తీసేస్తే శాగ్.

మామూలు రోడ్డు బైక్‌కి 30 నుంచి 40 మి.మీ. చాలు. ఎక్కువుంటే సీ-స్పానర్‌తో (C ఆకారపు పానా) ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచే మోతాదు, పెంచండి, తక్కువైతే తగ్గించండి. జంట షాక్‌లుంటే రెండు వైపులా ఒకే మెట్టు. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు, వెనక ఎత్తు పెరిగి స్టీరింగ్ కాస్త చురుగ్గా తిరుగుతుంది. శాగ్ సరిగ్గా వచ్చినా, మనిషి లేకుండా బైక్ తన బరువుకి అసలు దిగట్లేదంటే ప్రీలోడ్ మరీ ఎక్కువ పెట్టాల్సి వచ్చిందన్నమాట, మీ బరువుకి ఆ స్ప్రింగ్ మెత్తన, మార్చాల్సిందే.