ఇంట్లో మనిషి ఆస్పత్రికి రానంటే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకు పంపిస్తా" అనేది వేళాకోళం మాట, అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆస్పత్రి. నిజంగా ఆ అవసరం పడితే మాత్రం, అక్కడ ఎవరు ఎవరిని చేర్పించగలరో చాలామందికి తెలియదు. భర్తో తండ్రో సంతకం పెడితే సరిపోతుందని కొందరు, పోలీసులే వచ్చి తీసుకెళ్లాలని ఇంకొందరు అనుకుంటారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ రెండూ ఒప్పుకోదు. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, అవసరమే అని చెప్పాలి. కాబట్టి ఇంట్లోవాళ్ల అసలు పని, ఆ ఇద్దరికీ జరిగింది జరిగినట్టు చెప్పగలగడం.

1. ముందు అడిగి చూడండి. చాలాసార్లు "ఆస్పత్రికి పోదాం" అంటే రానివాళ్లు "నిద్ర పట్టట్లేదు కదా, ఒకసారి డాక్టర్‌కు చూపిద్దాం" అంటే వస్తారు. ఎర్రగడ్డ బోర్డు చూడగానే బిగుసుకుపోయేవాళ్లను గాంధీకో ఉస్మానియాకో తీసుకెళ్లొచ్చు, అక్కడా సైకియాట్రీ విభాగాలున్నాయి. ఎలా మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. తన ఇష్టంతో చేరినవాళ్లు తన ఇష్టంతోనే బయటికి రావచ్చు. ప్రమాదం ఉందనిపిస్తే డాక్టర్లు పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపగలరు.

2. ఒక కాగితం రాసుకోండి. అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఓపీలో మన వంతు వచ్చేసరికి టెన్షన్‌లో "పిచ్చిపిచ్చిగా చేస్తున్నాడు సార్" అని తప్ప నోట మాట రాదు. దాంతో డాక్టర్‌కు ఏమీ తెలియదు. చట్టం చూసేది మూడు విషయాలు: ఈమధ్య తనకు తాను హాని చేసుకుంటానని బెదిరించారా లేదా ప్రయత్నించారా; ఇంకొకరిపై దాడి చేశారా లేదా భయపెట్టారా; హాని జరిగేంతగా తన బాగోగులు తాను చూసుకోలేకపోతున్నారా. వీటిలో ఒక్కటున్నా చాలు. అందుకే తేదీలతో రాయండి: "సోమవారం నుంచి అన్నం ముట్టలేదు, పక్కింటివాళ్లు నీళ్ల ట్యాంకులో విషం కలిపారంటోంది. బుధవారం రాత్రి తలుపు తీయనన్నందుకు తమ్ముడిపై చేయి చేసుకుంది." పాత ప్రిస్క్రిప్షన్లుంటే వెనకాల పిన్ చేయండి.

కులం కాని పెళ్లి చేసుకుంటానంది, మతం మారతానంటున్నాడు, ఉన్న ఉద్యోగం వదిలేశాడు... ఇలాంటివి రాయకండి. ఇవి రోగం కిందికి రావని చట్టమే చెప్పింది. ఆస్తి గొడవల్లో ఈ దారి పట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టే ఆ మాట రాశారనిపిస్తుంది.

3. సంతకం ఎవరిదో తేల్చుకోండి. చేర్చుకోమని దరఖాస్తు పెట్టాల్సింది నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే రోగి తరఫు ప్రతినిధి. రోగి తాను బాగున్నప్పుడు తెల్ల కాగితంపై ఎవరి పేరు రాసి సంతకం పెడితే వారే. రాయకపోతే బంధువులు, వాళ్లూ లేకపోతే చూసుకునేవాళ్లు. అత్తా కోడలూ ఇద్దరూ "నేనంటే నేను" అనుకునే ఇళ్లు తక్కువేం కాదు. ఆ పంచాయితీ ఆస్పత్రి వరండాలో పెట్టుకోకండి.

4. ఆగలేని పరిస్థితైతే. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ప్రాణాపాయమో, మనిషికో ఇతరులకో తీవ్రమైన హానో తప్పించాల్సి వస్తే రిజిస్టర్డ్ డాక్టర్ ఎవరైనా, ఇంట్లోనైనా, అత్యవసర వైద్యం చేయొచ్చు. ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి ఒప్పుదల తీసుకోవాలి. దగ్గర్లోని మానసిక ఆస్పత్రికి తరలించడం కూడా ఇందులోకే వస్తుంది. గరిష్ఠంగా 72 గంటలు, అంతే. "మా వాళ్లొచ్చి ఎత్తుకొస్తారు, మీరు అడ్రస్ చెప్పండి చాలు" అనే డీ-అడిక్షన్ సెంటర్ల మాట నమ్మొద్దు. మద్యం, డ్రగ్స్ కేసులు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. ఆ సెంటర్‌కు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు అడగండి.

5. చేర్చాక. పరీక్షించే ఇద్దరిలో ఒకరు సైకియాట్రిస్ట్, రెండోవారు మానసిక ఆరోగ్య నిపుణులైనా మామూలు డాక్టరైనా సరే. చేర్చిన రోజున గానీ, అంతకు ముందు వారంలో గానీ చూసుండాలి. తక్కువ కట్టడితో వేరే దారి లేదని కూడా వాళ్లకు అనిపించాలి. అప్పుడు 30 రోజుల వరకు ఉంచుకోవచ్చు. ఆ సంగతి ఆస్పత్రి మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు (ఇలా చేర్చడం సరైనదో కాదో చూసే బోర్డు) 7 రోజుల్లో చెప్పాలి, ఆడవాళ్లయినా మైనర్లయినా 3 రోజుల్లో. "నన్ను అన్యాయంగా పెట్టారు" అని పేషెంట్ బోర్డుకు రాసుకోవచ్చు, ఉచితంగా లాయర్‌ని అడగొచ్చు. అలా అడిగితే మీరు చిన్నబుచ్చుకోకండి, అది వాళ్ల హక్కు.

లోపల గొలుసులు వేయడం, ఒంటరిగా గదిలో బంధించడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంట్ షాక్ చికిత్స కూడా అంతే. తప్పనిసరై కట్టాల్సి వస్తే సైకియాట్రిస్ట్ అనుమతి ఉండాలి, 24 గంటల్లోపు ప్రతినిధికి చెప్పాలి.

పోలీసుల పాత్ర చిన్నదే. మానసిక జబ్బుతో తన్ను తాను చూసుకోలేక రోడ్ల మీద తిరిగే మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఏ ఇంట్లోనైనా ఇలాంటి మనిషిని కొడుతున్నారని, పట్టించుకోకుండా వదిలేశారని తెలిస్తే మెజిస్ట్రేట్‌కు చెప్పాల్సిందీ వాళ్లే.

6. 30 రోజులు దాటితే. ఈసారి ఇద్దరూ సైకియాట్రిస్టులే అయి ఉండాలి, బోర్డు కూడా ఒప్పుకోవాలి. మొదట 90 రోజులు, తర్వాత 120, ఆపైన 180 చొప్పున పొడిగిస్తారు. ఇంటికి వచ్చాక వారంలోపే మళ్లీ చేర్చాల్సి వస్తే ఈ కఠినమైన పద్ధతే వర్తిస్తుంది. అందుకే డిశ్చార్జ్ రోజు మందుల చీటీ, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రెండూ రాయించుకునే కదలండి.