టెర్మినల్‌లో రంగు అక్షరాలు ఎట్లా ప్రింట్ చేయాలి? విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ పనిచేసేలా

తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులు చూస్తా ఉంటే ఒకటి తరచూ కనిపిస్తుంది. ల్యాబ్‌లో ఉబుంటూ మీద రాసిన ప్రోగ్రామ్‌లో ఎర్రర్ ఎర్రగా, ఓకే పచ్చగా చక్కగా వస్తాయి, అదే ప్రోగ్రామ్‌ని ఇంటికి తీసుకెళ్ళి పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో నడిపితే రంగు రాకపోగా ప్రతి లైన్ ముందర ఎడమవైపు బాణం గుర్తు, ఒక బ్రాకెట్, 31 అని చెత్త వచ్చి పడుతుంది. చాలామంది అక్కడితో విసుగొచ్చి రంగులే తీసేస్తారు. అంత అవసరం లేదండీ, నాలుగైదు విషయాలు పట్టుకుంటే చాలు.

ముందు ఒకటి అర్థం చేసుకోండి. రంగు వేసేది మీ ప్రోగ్రామ్ కాదు, టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే ఆ విండో. ప్రోగ్రామ్ మామూలు అక్షరాల మధ్యలో కొన్ని కంట్రోల్ క్యారెక్టర్లు పంపుతుంది, టెర్మినల్‌కి అవి అర్థమైతే రంగు మారుస్తుంది, అర్థం కాకపోతే ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద పెట్టేస్తుంది. ఆ చెత్త అంతా అదే. ఈ కోడ్లని ఆన్సీ ఎస్కేప్ కోడ్స్ అంటారు, 1970ల చివర్లో స్టాండర్డ్ అయ్యాయి, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి.

ఇక రాయడం మొదలుపెడదాం. ఒక ఉదాహరణ అనుకుందాం: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి లోడ్లు వస్తాయి, ఒక్కో లోడ్‌కి బ్రిక్స్, అంటే తీపి ఎంతుందో కొలిచి ఫైల్‌లో పెడతారు, మన పైథాన్ ప్రోగ్రామ్ ఆ ఫైల్ చదివి 14 కంటే తక్కువ ఉన్న లోడ్‌ని ఎర్రగా చూపించాలి. ప్రింట్‌లో కోట్స్ లోపల \033[31 అని కొట్టి, గ్యాప్ ఇవ్వకుండా వెంటనే చిన్న ఎమ్ పెట్టండి, తర్వాత మీ మాట రాయండి, మాట అయిపోగానే \033[0 కొట్టి మళ్ళీ చిన్న ఎమ్. అంతే, ఎరుపు వచ్చేస్తుంది. \033 అంటే ఎస్కేప్ అనే క్యారెక్టర్, దాని నంబర్ 27, ఆక్టల్‌లో రాస్తే 033. సీ, జావా, పైథాన్, బాష్ ప్రింట్ఎఫ్ అన్నింట్లోనూ ఇట్లాగే పనిచేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం బ్యాక్‌స్లాష్ ఎక్స్ 1బీ అని రాయండి. షెల్ స్క్రిప్ట్‌లో ఎకో వాడొద్దు, ఒక్కో షెల్‌లో ఒక్కోలా చేస్తుంది, ప్రింట్ఎఫ్ వాడండి.

నంబర్లు గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. 30 నలుపు, 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు, 34 నీలం, 35 మెజెంటా, 36 సయాన్, 37 తెలుపు. 40 నుంచి 47 దాకా అవే రంగులు బ్యాక్‌గ్రౌండ్‌కి, 90 నుంచి 97 దాకా అవే కొంచెం మెరుపుగా. 1 బోల్డ్, 4 అండర్‌లైన్, 0 అన్నీ తీసేయడానికి, అంటే రీసెట్. రెండు కలపాలంటే మధ్యలో సెమీకోలన్, 1;31 లాగా. 256 రంగులు, కోటిన్నర పైచిలుకు రంగులు కూడా ఉన్నాయి కానీ నా మాట వినండి, మామూలు ప్రోగ్రామ్‌కి ఈ మొదటి రంగులే వాడండి. ఎందుకంటే వీటి అసలు షేడ్ ఏదో వాడేవాళ్ళ టెర్మినల్ థీమ్ నిర్ణయిస్తుంది, వాళ్ళ కంటికి సరిపడేలా వాళ్ళు పెట్టుకునుంటారు. నల్ల స్క్రీన్ మీద 34 నీలం చాలా చోట్ల సరిగా కనపడదు, తెల్ల స్క్రీన్ మీద 33 పసుపు కనపడదు, ముఖ్యమైన మాటకి ఆ రెండూ వద్దు.

ఇప్పుడు అందరూ ఇరుక్కునే చోటు, కాలమ్స్. లోడ్ నంబర్, బ్రిక్స్, రైతు ఊరు వరసగా రావాలని ఎల్‌జస్ట్ పెట్టి 10 అక్షరాల వెడల్పు ఇస్తారు, రంగు వేసిన లైన్ మాత్రం పక్కకి జరుగుతుంది. కారణం ఏంటంటే ఎరుపు కోడ్‌లో ఎస్కేప్, బ్రాకెట్, 3, 1, ఎమ్ కలిపి 5 క్యారెక్టర్లు, రీసెట్ కోడ్‌లో 4, మొత్తం 9. కంటికి కనపడవు కానీ పైథాన్ లెక్కలోకి వస్తాయి. అందుకే ముందు మామూలు మాటకి వెడల్పు పెట్టేయండి, ఆ తర్వాత రంగు చుట్టండి. బ్యాక్‌గ్రౌండ్ రంగు వాడితే ఇంకోటి, రీసెట్ ఎప్పుడూ న్యూలైన్‌కి ముందే రావాలి, లేకపోతే స్క్రీన్ పైకి జరిగినప్పుడు కింద లైన్ మొత్తం ఆ రంగు నిండిపోతుంది.

విండోస్ సంగతికొద్దాం. విండోస్ 10కి ముందు అక్కడి కన్సోల్‌కి ఈ కోడ్లు తెలీవు, రంగు కావాలంటే సెట్‌కన్సోల్‌టెక్స్ట్‌అట్రిబ్యూట్ అనే విండోస్ ఫంక్షన్‌నే పిలవాలి, దాంట్లో నంబర్లు కూడా తిరగేసి ఉంటాయి, ఆన్సీలో 31, 34ల చివరి అంకె చూస్తే ఎరుపు 1, నీలం 4 అయితే అక్కడ నీలం 1, ఎరుపు 4. విండోస్ 10లో సపోర్ట్ వచ్చింది కానీ పాత కన్సోల్ విండోలో దాన్ని ప్రోగ్రామే ఆన్ చేసుకోవాలి. సీలో అయితే గెట్‌కన్సోల్‌మోడ్‌తో ఇప్పుడున్న మోడ్ తీసుకుని, దానికి 4 అనే బిట్‌ని ఆర్ (|) గుర్తుతో కలిపి, సెట్‌కన్సోల్‌మోడ్‌కి ఇవ్వండి, ఉత్త 4 ఇచ్చేస్తే ఉన్న సెట్టింగులు పోతాయి. అది ఫెయిల్ అయిందంటే రంగు లేకుండా ప్రింట్ చేసేయండి. పైథాన్ వాళ్ళకి ఇంత పని లేదు, కలరామా అనే లైబ్రరీ పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి ప్రోగ్రామ్ మొదట్లో దాని ఇనిట్ ఫంక్షన్ పిలిస్తే పాత విండోస్, కొత్త విండోస్ రెండూ అదే చూసుకుంటుంది, లినక్స్, మ్యాక్‌లో అడ్డం రాదు. కొత్త విండోస్ టెర్మినల్ యాప్‌లో అయితే మామూలుగా నేరుగానే రంగులొస్తాయి.

లినక్స్, మ్యాక్‌లో ఆన్ చేయాల్సింది ఏమీ లేదు.

ఇంకో పని చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. మీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని ఎవరైనా ఫైల్‌లోకి పంపితే రంగు కోడ్లు కూడా ఆ ఫైల్‌లోకి పోతాయి, రేపు గుమాస్తా ఆ లిస్ట్ తీసి ఎక్సెల్‌లో పెట్టుకుంటే ప్రతి బ్రిక్స్ పక్కన చెత్తే. అందుకని రంగు వేసేముందు ఇది నిజంగా టెర్మినలేనా అని అడగండి, పైథాన్‌లో సిస్ డాట్ ఎస్‌టీడీ‌అవుట్ మీద ఈజ్ఏటీటీవై అని పిలిస్తే అవునో కాదో చెబుతుంది, సీలోనూ అదే పేరుతో ఫంక్షన్ ఉంది. కాదంటే రంగు వద్దు. అట్లనే నో అండర్‌స్కోర్ కలర్ అని అన్నీ క్యాపిటల్స్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటుంది, దాంట్లో ఏదైనా విలువ పెట్టారంటే ఆ మనిషికి రంగులు వద్దని అర్థం, గౌరవించండి. టెర్మ్ అనే వేరియబుల్‌లో డంబ్ (రంగులు తెలీని టెర్మినల్) అని ఉన్నా అంతే. ఈ మూడు చెక్కులూ ఒకే ఫంక్షన్‌లో పెట్టి, రంగు వేసే ప్రతి చోటా ఆ ఫంక్షన్ ద్వారానే పొండి, కోడ్ నిండా 31లు, 32లు చల్లొద్దు.

రంగుతో పాటు మాట కూడా రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్ళు మన క్లాసుల్లో, ఆఫీసుల్లో ఉంటారు, చాలామంది బయటికి చెప్పరు. 13.2 అని ఎర్రగా చూపించి ఊరుకోకుండా పక్కన తక్కువ అని కూడా పెడితే వాళ్ళకీ తెలుస్తుంది, ఫైల్‌లోకి పోయినా అర్థం పోదు.

అయ్యాక టెస్ట్ ఇట్లా చేయండి: ఒకసారి నల్ల థీమ్‌లో, ఒకసారి తెల్ల థీమ్‌లో, ఒకసారి విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్‌లో నడపండి, తర్వాత అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి పంపి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, అందులో ఒక్క బ్రాకెట్ 31 కూడా కనపడకూడదు. కంట్రోల్ సీ కొట్టి మధ్యలో ఆపి కూడా చూడండి, ప్రాంప్ట్ ఎర్రగా ఉండిపోతే ప్రోగ్రామ్ ఆగిపోయే దారిలోనూ ఒక రీసెట్ పెట్టాలి, పైథాన్‌లో అయితే దానికి ఫైనల్లీ బ్లాక్ సరైన చోటు.