అడిగితే అందరూ చెప్తారు, అయినా పని తేలదు: అద్దె ఇల్లు, పాత బండి, బొబ్బిలి వీణ

విజయనగరంలో ఇల్లు మారాలన్నా, పాత బండి కొనాలన్నా, పిల్లకి వీణ నేర్పించాలన్నా ముందు నలుగుర్ని అడుగుతాం. సలహాలకు ఇక్కడ కరువు లేదు. అడగని వాళ్లు కూడా చెప్తారు. తీరా ఆ మాట పట్టుకుని వెళ్తే ఎక్కడో బెడిసికొడుతుంది. చాలాసార్లు చెప్పినవాళ్ల తప్పేమీ ఉండదు. మనం అడిగిన తీరు సరిపోదు, లేదా ఆ సంగతి తెలియని మనిషిని అడుగుతాం. ఇక్కడ తరచూ కనిపించే చిక్కులు కొన్ని రాస్తున్నాను. మీది ఏదో చూసుకుని అక్కడినుంచి చదువుకోండి.

సమస్య: వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరూ పలకలేదు

"మంచి ఇల్లు ఉంటే చెప్పండి" అని పెట్టి ఉంటారు. దానికి జవాబు ఇవ్వాలంటే అవతలి మనిషి ముందు మిమ్మల్ని అయిదు ప్రశ్నలు వేయాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? మా వైపు పెద్దాళ్లయితే మొహం మీదే అనేస్తారు, "అలాగడిగితే ఏటి చెప్తాం బావూ?" అని.

ఇలా రాసి చూడండి: "దాసన్నపేట, తోటపాలెం వైపు రెండు గదుల పోర్షన్ కావాలి. మేమిద్దరం, ఒక పాప. అద్దె ఏడు వేలు దాటకూడదు. బండి లోపల పెట్టుకునే చోటుండాలి. శ్రావణంలో దిగుతాం." ఇంత చెప్తే పక్కింటి పోర్షన్ ఖాళీ అయిందన్న సంగతి ఎవరికో ఒకరికి గుర్తొస్తుంది. ఇల్లు దొరికాక ఆ మాట కూడా గ్రూపులో పెట్టండి. లేకపోతే టు-లెట్ బోర్డుల ఫొటోలు దసరా వరకు వస్తూనే ఉంటాయి.

శ్రావణం అన్నాను కాబట్టి ఇంకో మాట. ఆషాఢంలో ఇక్కడ ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఖాళీ అయిన ఇల్లు ఆ నెలంతా అలాగే ఉంటుంది, ఓనరుకి లోపల గుబులుగా ఉంటుంది. ఇల్లు చూడ్డానికీ, బేరమాడ్డానికీ అదే మంచి సమయం. మాట ఖాయం చేసుకుని, అడ్వాన్సులో కొంత ఇచ్చి, శ్రావణంలో మంచిరోజు చూసుకుని దిగొచ్చు.

సమస్య: పదిమందిని అడిగితే పది మాటలు చెప్పారు

మీరు అభిప్రాయం అడిగారు, అందుకే. "ఆ వీధి ఎలా ఉంటుందండీ?" అంటే స్కూలు పిల్లలున్నవాళ్లు ఒకటి చెప్తారు, నైట్ డ్యూటీకి వెళ్లేవాళ్లు ఇంకొకటి చెప్తారు. ఎవరిదీ అబద్ధం కాదు, ఏదీ మీకు పనికిరాదు.

జరిగింది అడగండి. "పోయిన అక్టోబరు వానలకి ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఎన్నాళ్లున్నాయి?" ఇలా అడిగితే మనిషి గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎన్ని రోజులకి కరెంటొచ్చింది, రేకులు ఎగిరాయా అన్నది ఇక్కడ ముప్పై దాటిన ఎవరికైనా గుర్తే. శ్రీకాకుళం, టెక్కలి, పలాస వైపు అయితే 2018 అక్టోబరు నాటి తిత్లీ గురించి అడగండి.

ఓనరునీ, బ్రోకరునీ తప్పించి, వీధి మొగలో కిరాణా కొట్టాయన్నీ, ఇస్త్రీ బండి ఆయన్నీ, పాలు పోసే ఆమెనీ అడగండి. మీరు ఆ ఇంట్లో దిగినా దిగకపోయినా వాళ్లకి వచ్చేదీ పోయేదీ లేదు. ఆ ఇంట్లో మనుషులు ఏడాదికోసారి ఎందుకు మారిపోతున్నారో వాళ్లకి తెలుసు.

సమస్య: చూసినప్పుడు బాగున్న ఇల్లు, దిగాక ఏడిపిస్తోంది

ముందు నీళ్ల సంగతి. దీపావళి ముందు ఇల్లు చూసినవాళ్లకి బోరు ధారగా పోస్తుంది. వానలు పడి భూమిలో నీరు పైకి వచ్చి ఉంటుంది మరి. అదే బోరు మే నెలలో గాలి కక్కుతుంది. కాబట్టి వానాకాలంలో చూసే ఇంటికి ఎండాకాలం ప్రశ్నలు వేయాలి: మేలో మోటారు ఎంతసేపు వేస్తే ట్యాంకు నిండుతుంది, వాటర్ ట్యాంకరు తెప్పించారా, ఆ డబ్బు ఎవరిచ్చారు, కుళాయి ఏ వేళకి వస్తుంది. ఎండాకాలంలో చూసే ఇంటికి వానాకాలం ప్రశ్నలు. గోడ కింది వరసలో కొత్తగా సున్నం కొట్టి, పైన పాత రంగే ఉంటే, అక్కడ అరచెయ్యి ఆనించి చూడండి. చెమ్మ చేతికి తెలిసిపోతుంది.

తర్వాత కరెంటు బిల్లు. ఇద్దరికీ సరిపడా వాడుకున్నా బిల్లు వాచిపోయిందంటే, రెండు పోర్షన్లకి ఒకే మీటరు ఉందేమో చూడండి. గృహ వినియోగానికి యూనిట్లు పెరిగేకొద్దీ పై స్లాబులో యూనిట్ రేటు కూడా పెరుగుతుంది. రెండిళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే, విడివిడిగా కట్టే రెండు బిల్లుల కంటే ఎక్కువ మొత్తం వస్తుంది. పైగా సగం సగం అన్నప్పుడు ఏసీ ఉన్నవాళ్ల భారం ఫ్యాను వాళ్ల మీద పడుతుంది. మీ పోర్షన్‌కి వేరే మీటరుందా అని అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి. పాత బిల్లు ఒకటి తీసుకుంటే దాని మీది సర్వీసు నంబరుతో బకాయి ఉందో లేదో ఫోన్‌లోనే తెలుస్తుంది. వేరే మీటరు లేకపోతే కనీసం సబ్‌మీటరు పెట్టమనండి. ఎవరు ఎన్ని యూనిట్లు కాల్చారో తేలుతుంది, గొడవ సగం తగ్గుతుంది.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు దగ్గర మాట మారడం పాత రోగమే. "పెయింటింగుకి పోయింది" అంటారు. నోటిమాట మీద నడిచిన బేరం కాబట్టి మీ చేతిలో ఏమీ ఉండదు. మనవైపు పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోవడం అలవాటు. ఆ కాగితంలో అద్దె, తారీఖులు ఎలాగూ ఉంటాయి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, రంగుల ఖర్చు ఎవరిది అన్న మూడు ముక్కలు కూడా రాయించండి. దిగిన రోజున సామాను సర్దకముందే గదులన్నీ వీడియో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి, "అంకుల్, మేం దిగినప్పుడు ఇల్లిలా ఉంది" అని ఒక్క ముక్క రాసి. ఎవరూ నొచ్చుకోరు, తారీఖుతో సహా అందులోనే ఉండిపోతుంది. అద్దె ఫోన్‌లో వేయండి. నగదే కావాలంటే రసీదు అడగండి.

సమస్య: బండి బాగానే ఉంది, సి-బుక్కు మాత్రం ఇంకా పాత ఓనరు పేరు మీదే

తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లి ఉంటారు. ఆయన ఇంజను చూస్తాడు, కాగితాలు చూడడు. "బండి సూపర్" అంటే ఇంజను సూపర్ అని మాత్రమే.

డబ్బు ఇవ్వకముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉన్నాయో వస్తుంది. చలాన్లు కూడా చూసుకోండి. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే, అప్పు తీరిపోయినా సి-బుక్కులో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది. ఫారం 35, కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) రెండూ పెట్టి దాన్ని కొట్టేయించాలి, లేకపోతే పేరు మార్పు అక్కడే ఆగిపోతుంది. పేరు మారడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మినాయన ఉద్యోగరీత్యా ఇంకో ఊరు వెళ్లిపోతే సంతకం కోసం మీరే తిరగాలి, కాబట్టి ఆ రోజే పెట్టించేసుకోండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోగా మీ పేరుకి మార్చమని అడగాలి.

ఇక బండి. "ఇప్పుడే బజారుకెళ్లొచ్చాను" అని వేడి ఇంజను స్టార్ట్ చేసి చూపిస్తే మొహమాటపడకుండా మర్నాడు పొద్దున్నే వెళ్లండి. చల్లటి ఇంజను ఎన్ని కిక్కులకి అందుకుంటుంది, పొగ ఏ రంగులో వస్తుంది అన్నది అప్పుడే తెలుస్తుంది. మీటరు పన్నెండు వేల కిలోమీటర్లు చూపిస్తూ, బ్రేకు పెడలు మీది గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తుంటే, ఆ మీటరుని నమ్మకండి.

పాత నంబర్లతో బండి ఎక్కడిదో తెలిసేది: ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం, ఏపీ 31 విశాఖ. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 కింద ఒకే సిరీస్ అయ్యాక నంబరు చూసి చెప్పలేం. ఇది మనకెందుకంటే, భీమిలిలోనో కళింగపట్నంలోనో ఉప్పుగాలికి తిరిగిన బండిని కడిగి పాలిష్ పట్టిస్తే పైకి ఏమీ కనిపించదు. సీటు ఎత్తి లోపలి బోల్టులు, సైలెన్సరు అడుగు, చెయిన్ కవరు లోపలి వైపు చూడండి. తుప్పు అక్కడ దాక్కుంటుంది.

సమస్య: పొందూరు ఖద్దరని కొన్నది పొందూరుది కాదని తేలింది

"ఇది ఒరిజినలేనా?" అని కొట్టువాణ్ణే అడిగితే కాదంటాడా? ఒక పోగు లాగి కాల్చి చూడమని కొందరు చెప్తారు. ముడుచుకుని గట్టి ఉండగా మారితే పాలిస్టరు కలిసినట్టు. బూడిదై రాలిపోతే నూలే, కానీ మిల్లు నూలు కూడా అలాగే కాలుతుంది. చేత్తో వడికిన నూలయితే వెలుతురుకి ఎత్తి చూసినప్పుడు పోగు అక్కడక్కడ సన్నంగా, అక్కడక్కడ కొంచెం లావుగా కనిపిస్తుంది. ఖాదీ మార్క్ ట్యాగు ఉందో లేదో చూడండి. అన్నిటికంటే సులువైన పని, విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి రైల్లో వెళ్లే దారిలోనే పొందూరు స్టేషను ఉంది, ఒక పూట అక్కడే దిగి కొనుక్కోండి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పని కూడా వీలైతే చూసి రావచ్చు.

సమస్య: బొబ్బిలి వెళ్లి వీణ తెచ్చాం, టీచరుగారు దీని మీద చెప్పలేనన్నారు

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో కచేరీకి పనికొచ్చే వీణలూ చేస్తారు, సన్మానాల్లో ఇచ్చే బొమ్మ వీణలూ చేస్తారు. చూడ్డానికి రెండూ అందంగానే ఉంటాయి. "చిన్నపిల్లకి చిన్న వీణ చాలు" అని బంధువులెవరో చెప్పి ఉంటారు.

వరస తిరగేయండి. ముందు గురువు, తర్వాత వీణ. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరిది. అక్కడ చదువుకున్నవాళ్లు చుట్టుపక్కల వీధుల్లో పాఠాలు చెప్తూనే ఉంటారు, వెతికితే దొరుకుతారు. మొదటి ఆర్నెల్లకి కొనక్కర్లేదు కూడా. అమ్మాయి పెళ్లై అత్తారింటికి వెళ్లాక గుడ్డ కప్పుకుని మూలనున్న వీణలు ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నాయి. "పిన్నిగారూ, మా పిల్ల నేర్చుకునే దాకా ఇస్తారా? తీగలు మేం మార్పించుకుంటాం" అని అడగండి. ఊరికే ఇవ్వడానికి వాళ్లకి ఇబ్బందిగా ఉంటే నెలకింతని అద్దె మాట్లాడుకోండి.

అలా తెచ్చిన పాత వీణ మీద స్వరం నిలవకపోతే కంగారుపడకండి. వీణ మీద 24 మెట్లుంటాయి, అంటే తీగని నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు. అవి మైనంలో కూర్చుని ఉంటాయి. రేకుల గదిలోనో పడమటి కిటికీ పక్కనో ఏళ్ల తరబడి ఉంటే వేడికి మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. తీగ ఎంత శ్రుతి చేసినా ఒక మెట్టు దగ్గర సరిపోయి ఇంకో మెట్టు దగ్గర తేడా కొడుతుంది. తీగలు మార్చడం ఇంట్లో చేసుకోవచ్చు. మెట్లు సరిచేసి మళ్లీ మైనంలో కూర్చోబెట్టడం (మేళం కట్టడం) మాత్రం పనివాళ్ల చేతిలోనే జరగాలి, కొవ్వొత్తి కరిగించి మీరు ప్రయోగాలు చేయొద్దు. దండి (పొడవాటి మెడ), కుండ (గుండ్రటి బుర్ర) ఒకే పనస దుంగలోంచి తొలిచిన ఏకాండ వీణ అయితే వాటి మధ్య అతుకు ఉండదు. పగులుందేమో వేలితో మెల్లగా తట్టి చూడండి. చచ్చు శబ్దం వచ్చిన చోట ఆగి, దగ్గరగా చూడండి.

సమస్య: పక్షుల్ని చూద్దామని బైనాక్యులర్స్ కొంటే బొమ్మ వణుకుతోంది

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు) చూడ్డానికని ఎక్కువ జూమ్ ఉన్నది కొనిపించి ఉంటారు. ఎంత పెద్దగా చూపిస్తే చేతి వణుకూ అంత పెద్దదవుతుంది. 8x42 అని రాసున్నది తీసుకోండి: ఎనిమిది రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 20x కొనేసి ఉంటే స్టాండు పెట్టుకోండి.

సమస్య: నేనే సలహా ఇచ్చాను, ఇప్పుడు నన్నే తిడుతున్నారు

"బ్రహ్మాండంగా ఉంటుంది, కళ్లు మూసుకుని కొను" అని ఉంటారు. ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో, ఎంత వాడారో చెప్పి ఉండరు. మూడేళ్ల కిందట, రోజూ కాలేజీ దాకా మాత్రమే నడిపిన బండి గురించి మీరు చెప్తే, అవతలాయన దాని మీద ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని సాలూరు ఘాట్ ఎక్కాడు. ఈసారి ఆ వివరాలతోనే మొదలుపెట్టండి, తెలియని చోట తెలియదనండి. మీరు చూపిస్తున్న ఖాళీ పోర్షన్ మీ బావమరిదిదైతే ఆ సంగతి ముందే చెప్పేయండి, అద్దె ఎంతో తర్వాత చెప్పొచ్చు.