ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో విమానం రకాన్ని చదవడం ఎలా?

ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో శంషాబాద్ నుంచి బయలుదేరిన ఇండిగో విమానాన్ని నొక్కితే, రకం అన్నచోట తరచుగా ‘ఏ20ఎన్’ అని కనిపిస్తుంది. ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రతి రకానికీ కేటాయించే సంకేతం. ఏ20ఎన్ అంటే ఎయిర్‌బస్ ఏ320 నియో, ఏ21ఎన్ అంటే ఏ321 నియో, బి38ఎం అంటే బోయింగ్ 737 మ్యాక్స్ 8, ఏటీ76 అంటే చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ 72-600. టికెట్ బుకింగ్ సైట్లు వాడే 32ఎన్ వంటి మూడక్షరాల సంకేతాలు వేరే సంస్థవి కనుక, రెండింటినీ కలపకండి.

అసలు గమనించవలసింది మరొకటి ఉంది. విమానం తానే రేడియో ద్వారా ప్రసారం చేసే ఏడీఎస్-బీ సందేశాల్లో 24 బిట్ల గుర్తింపు సంఖ్యను, స్థానాన్ని, ఎత్తును పంపుతుందే తప్ప తన మోడల్ పేరును పంపదు. ఆ సంఖ్యను ట్రాకింగ్ సేవ తన డేటాబేస్‌లో వెతికి రకాన్ని చూపుతుంది. అందువల్ల కొత్తగా వచ్చిన విమానానికి, లేదా ఒక దేశం నుంచి మరో దేశపు రిజిస్ట్రేషన్‌కు మారిన విమానానికి రకం ఖాళీగానో తప్పుగానో కనిపించవచ్చు. అనుమానం వస్తే విమానం రిజిస్ట్రేషన్‌ను (భారత్‌లో నమోదైన వాటికి ఇది వీటీతో మొదలవుతుంది) మరో ట్రాకర్‌లో సరిచూడండి. సంకేతం సరైనదైనా అన్నీ చెప్పదు: బి77ఎల్ అన్నది ప్రయాణికుల 777-200ఎల్ఆర్‌కూ, సరుకు రవాణా చేసే 777 ఫ్రైటర్‌కూ ఒక్కటే.