మెసేజ్ వచ్చిందంటున్నారు, ఇన్‌బాక్స్‌లో మాత్రం లేదు

గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి కోడ్ అడుగుతాడు. ఇన్‌బాక్స్ ఎంత వెతికినా ఆ మెసేజ్ కనపడదు. టెన్షన్ పడి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయకండి. చాలాసార్లు ఆ మెసేజ్ ఫోన్‌లోనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటుంది. ఏ ఫోల్డర్‌లో ఉందో లక్షణాన్ని బట్టి తెలిసిపోతుంది. కింద చెప్పినవి ఆండ్రాయిడ్‌లోని గూగుల్ మెసేజెస్ యాప్‌కు సంబంధించినవి.

సమస్య: ఫోన్ మోగింది, లిస్టులో మెసేజ్ లేదు
కారణం: మెసేజ్‌లను పర్సనల్, ట్రాన్సాక్షన్స్, ఓటీపీలు, ఆఫర్లు అని విడదీసే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. మీరు చూస్తున్నది పర్సనల్ మాత్రమే.
పరిష్కారం: పైన ‘ఆల్’ నొక్కండి. ఈ విభజన చికాకు అనిపిస్తే సెట్టింగ్స్‌లో ‘మెసేజ్ ఆర్గనైజేషన్’లోకి వెళ్లి ఆపేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఆపేయడమే మంచిదని నా అభిప్రాయం. వాళ్లకు అన్నీ ఒకేచోట, వచ్చిన వరుసలో ఉంటేనే సుఖం.

సమస్య: ఫోన్ మోగనే లేదు
కారణం: యాప్ దాన్ని స్పామ్ అనుకుంది, లేదా ఆ నంబరును ఎప్పుడో ఎవరో బ్లాక్ చేశారు.
పరిష్కారం: పైన కుడివైపు మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘స్పామ్ అండ్ బ్లాక్డ్’ తెరవండి. మెసేజ్ అక్కడుంటే స్పామ్ కాదని చెప్పండి, బ్లాక్ అయి ఉంటే తీసేయండి. అయితే ఆ ఫోల్డర్‌లో నిజమైన మోసపు మెసేజ్‌లూ ఉంటాయి, లింకులు మాత్రం నొక్కొద్దు. పంపినవారి పేరు చివర ఉండే అక్షరం చూడండి. 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధన ప్రకారం పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. బ్యాంకు పేరు చెప్పుకుంటూ మామూలు పదంకెల నంబరు నుంచి వచ్చిందంటే అనుమానించాల్సిందే.

సమస్య: నిన్న చూసిన మెసేజ్ ఇవాళ లేదు
కారణం: లిస్టును పైకీ కిందికీ జరిపేటప్పుడు బొటనవేలు పక్కకు జారితే మెసేజ్ ఆర్కైవ్‌లోకి, అంటే డిలీట్ కాకుండా పక్కన దాచిపెట్టే ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది. కింద ‘అన్‌డూ’ అని కాసేపు కనపడుతుంది, కళ్లజోడు లేనివాళ్లు అది చదివేలోపే మాయమవుతుంది.
పరిష్కారం: ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘ఆర్కైవ్డ్’ తెరవండి, మెసేజ్‌ను నొక్కి పట్టుకుని బయటికి తీయండి. సెట్టింగ్స్‌లో స్వైప్ పని మార్చుకుంటే మళ్లీ ఈ బాధ ఉండదు. పోయింది ఓటీపీ అయితే, వాటిని 24 గంటల తర్వాత తొలగించే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. అలా తొలగిపోయింది ఆర్కైవ్‌లో దొరకదు.

ఐఫోన్‌లో డిలీట్ చేసినవైతే ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజుల దాకా వెతకొచ్చు. కీప్యాడ్ ఫోన్‌లో కొత్త మెసేజ్‌లు రావడమే ఆగిపోతే ఇన్‌బాక్స్ నిండిందేమో చూసి, పాతవి కొన్ని డిలీట్ చేయండి.