ఆర్పీజీ తయారీ, అయిదో పాఠం: పేరు లేని దయ్యం

నాలుగో పాఠం చదివి మీరు గేమ్‌లుగా కట్టి పంపిన సమాధులు, పాడుబడ్డ గుళ్లు, దిగుడుబావులు అన్నీ ఆడాను. ఆడాను అనడం కన్నా తడుముకున్నాను అనడమే నిజం. ‘గదిని చీకటి చేయండి’ అని నేను ఒక్క ముక్క రాసి వదిలేశాను. మీరు దాన్ని అక్షరాలా పాటించారు. ఆర్పీజీలు, అంటే ఒక పాత్ర ధరించి దాని బలం పెంచుకుంటూ ఆడే గేమ్‌లు, తయారుచేసే ఆర్పీజీ మేకర్ ఎంవీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరకు రంగు పులిమే కమాండులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ మైనస్ 200 పెట్టినవారున్నారు. ఇద్దరైతే మైనస్ 255 దాకా వెళ్లారు. దాన్ని చీకటి అనరు, మానిటర్ ఆపేయడం అంటారు. ఒకరి బావిలో పావుగంట సేపు గోడలకు గుద్దుకుని, చివరికి ఎడిటర్ తెరిచి మ్యాపు చూసి మెట్లు ఎక్కడున్నాయో కనుక్కున్నాను. అప్పటికి నాలో భయం ఏ మూలా లేదు, ఒళ్లు మంట మాత్రం ఉంది.

తప్పు నాదే. ఎంత చీకటో చెప్పలేదు. భయం ఎంత పాళ్లలో ఉండాలన్నది ఇవాళ్టి పాఠం కావాలి. కానీ ముందు ఈ చీకటి సంగతి తేల్చుకుందాం.

అదే కమాండులో ‘డార్క్’ అనే బటన్ నొక్కితే మూడు రంగులకూ మైనస్ 68 పడుతుంది. అక్కడ మొదలుపెట్టి పదేసి చొప్పున దించండి. గోడ అంచు కళ్లు చికిలిస్తే కనిపించే చోట ఆగండి. నాకది మైనస్ 110 దగ్గర కుదురుతుంది, మీ టైల్సు రంగును బట్టి అటూ ఇటూ అవుతుంది. రాత్రి గదిలో లైటు తీసేసి చూసుకుని సరిపోయిందనుకోకండి. మీ గేమ్ ఆడే మనిషి మిట్టమధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని ఆడతాడు.

దారి కనిపించాలి, దారి చివర ఏముందో కనిపించకూడదు. చీకటితో మనకున్న పని అంతే. ఇంకొంచెం ముందుకు వెళ్లాలంటే ఆ చీకటికి ఒక ధర పెట్టండి. 2011 నాటి డార్క్ సోల్స్ అనే గేమ్‌లో టూంబ్ ఆఫ్ ది జెయింట్స్ అనే చోట కాళ్ల ముందు కాస్త నేల తప్ప ఏమీ కనిపించదు. అక్కడ ఒక పుర్రె లాంతరు దొరుకుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఒక చెయ్యి ఖాళీ చేయాలి, అంటే అప్పటిదాకా ప్రాణం కాపాడిన డాలును పక్కన పెట్టాలి. వెలుతురా, డాలా? ఆ ఒక్క ప్రశ్నతో అడుగు తీసి అడుగు వేయడం కష్టమవుతుంది. మీ బావిలో కూడా దీపం పట్టుకున్నవాడు విల్లు వాడలేడని ఒక షరతు పెట్టి చూడండి. మైనస్ 255 చేయలేని పని అది చేస్తుంది.

మ్యాపు గీయడం, స్విచ్‌లు, ఈవెంటు పేజీలు మళ్లీ చెప్పను. అవి రాకపోతే మొదటి రెండు పాఠాలు చేసి రండి.

కేకల గురించి రెండే మాటలు. తలుపు తెరవగానే వాల్యూమ్ 100లో ఆడమనిషి అరుపు, తెరనిండా నెత్తుటి ముఖం. దీనికి ఎవరైనా ఉలిక్కిపడతారు. వంటింట్లో పళ్లెం జారిపడినా ఉలిక్కిపడతారు. నేనైతే చప్పుడు పెట్టను, ఉన్న చప్పుడు తీసేస్తాను: నీళ్ల బొట్లు పడుతున్న శబ్దాన్ని నాలుగు సెకన్లలో సన్నగిల్లేలా చేసి, ఆపైన 90 ఫ్రేములు, అంటే సెకనున్నర, ఏమీ జరగనివ్వను. అంతే.

ఇక నన్ను నిజంగా విసిగించిన సంగతికి వద్దాం. మీలో ఒకరి సమాధి చాలా బాగుంది. వసారాలో కొవ్వొత్తులు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. నేను ఆగితే వెనక అడుగుల చప్పుడూ ఆగుతుంది. చివరి గది తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. నిజంగానే నా వేలు కీ మీద నుంచి లేచింది. అప్పుడు తెర మెరిసి, పోరాటం మొదలై, పైన పెట్టెలో ఈ వాక్యం వచ్చింది: ‘ప్రేతం ప్రత్యక్షమైంది!’

కింద నా హీరో హెచ్‌పీ, అంటే ప్రాణబలం, 450. నా మొదటి దెబ్బకు 48 ఎగిరింది, రెండోదానికి 51. ప్రేతం కొడితే నాకు 30 పోయింది. ఓహో, ఇది ఏడెనిమిది దెబ్బల పని, మధ్యలో ఒక మందుసీసా తాగితే చాలు అనుకున్నాను. అయిదు నిమిషాల పాటు ఎంతో ఓర్పుగా కట్టిన భయం ఒక్క వాక్యంతో చిల్లర లెక్కలోకి దిగిపోయింది.

అందరూ జారే గొయ్యి ఇదే, పైగా ఇది మన ఆర్పీజీల సొంత గొయ్యి. మామూలు భయానక గేమ్‌లో చేతిలో మూడు తూటాలు ఉంటాయి, పారిపోవడమే పని. ఆర్పీజీ అలా కాదు. మొదటి గంట నుంచీ మనమే ఆడే మనిషికి లెక్కపెట్టడం నేర్పుతాం: లెవల్ ఎంత, కత్తి బలం ఎంత, ఏ మంత్రం దేనికి పనిచేస్తుంది. లెక్కకు అందినదేదీ అతన్ని భయపెట్టదు. కష్టపెట్టవచ్చు, చంపవచ్చు, చచ్చాక మళ్లీ లోడ్ చేసుకుని ఇంకో మందుసీసా కొనుక్కుని వస్తాడు. కాబట్టి ఫాంటసీ ఆర్పీజీలో భయం ఎంత ఉండాలని నన్నడిగితే, నేను నెత్తురు ఎంత, చీకటి ఎంత అని చూడను. ఆ వస్తువు ఎంతసేపు లెక్కకు అందకుండా ఉంది అని చూస్తాను.

దీన్ని అందరికన్నా శుభ్రంగా చేసి చూపించింది పిల్లల గేమ్. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి పోకేమాన్ గేమ్‌లలో లావెండర్ టౌన్ అనే ఊరు ఉంది, అందులో చనిపోయిన పోకేమాన్ల కోసం కట్టిన గోపురం ఉంది. అప్పటిదాకా ఆ గేమ్‌లో ఎదురైన ప్రతి ప్రాణికీ ఒక పేరు, ఒక లెవల్, ఒక రకం. పట్టుకోవడం, సంచిలో వేసుకోవడం అలవాటైపోయి ఉంటుంది. గోపురం ఎక్కగానే ఎదురయ్యేదానికి పేరు ఉండదు, ‘దయ్యం’ అని మాత్రం రాసి ఉంటుంది. మీ పోకేమాన్‌కు కొట్టమని చెబితే, భయంతో కదలలేకపోతోందని జవాబు వస్తుంది. అవతలిది వెళ్లిపొమ్మంటుంది. మీరు వెళ్లిపోవాలి, వేరే గతి లేదు. తర్వాత మరో ఊళ్లో దొంగల స్థావరం నుంచి సిల్ఫ్ స్కోప్ అనే పరికరం తెచ్చుకుంటే, అదే దయ్యం గ్యాస్ట్లీ అనే మామూలు పోకేమాన్ అని తేలిపోతుంది. పేరు తెలిసింది, లెవల్ తెలిసింది, భయం పోయింది. చుక్క నెత్తురు లేదు, ఒక్క కేక లేదు. ఉన్నదల్లా ఒక ఖాళీ పేరు, పనిచేయని ఒక బటన్.

పెద్దల గేమ్‌లో ఇదెలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. స్కైరిమ్‌లో అతని పాత్ర లెవల్ 30 దాటింది. సమాధి గూళ్లలోంచి లేచే డ్రాగర్ శవాలను బెండకాయలు తరిగినట్టు తరుగుతూ, మధ్యమధ్య ఫోనులో క్రికెట్ స్కోరు చూసుకునేవాడు. ఒకరోజు ఉత్తర తీరంలోని ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్‌లోకి వెళ్లాడు. లోపల నేల మీద ఒక స్త్రీ శవం, చుట్టూ ఒక కుటుంబం బతికిన ఇంటి సామాను, అక్కడక్కడా డైరీలు. కాసేపు కత్తికి పని పడలేదు. ఒక డైరీ చదివి మూశాడు, మళ్లీ తెరిచాడు. ఫోను బోర్లా పెట్టాడు. “మామయ్యా, కింద గదిలోంచి ఏవో చప్పుళ్లు వచ్చేవట” అన్నాడు. గేమ్ సేవ్ చేశాడు. రెండు అడుగులు వేసి మళ్లీ సేవ్ చేశాడు.

కిందికి దిగాక ఎదురైంది ఫాల్మర్లు. గుహల్లో బతికే ఆ గుడ్డి ప్రాణులను అతను అప్పటికే వందల్లో చంపి ఉంటాడు. “ఓ, వీళ్లేనా!” అని ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

చూశారా, డైరీలు కట్టిన భయమంతా తెలిసిన ముఖం కనిపించగానే కూలిపోయింది. అయితే ఆ గేమ్ వాళ్లు అక్కడితో వదల్లేదు. గుహ చివర చారస్ అనే పెద్ద పురుగు కడుపులో ఆ ఇంటాయన అవశేషాలు దొరుకుతాయి, వాటిని పైకి తెచ్చి లైట్‌హౌస్ మంటలో వేయవచ్చు. మావాడు క్రికెట్ మానేసి, ఆ మెట్లన్నీ ఎక్కి, ఆ పని చేసి వచ్చాడు. అది భయం కాదు, జాలి. దాని సంగతి ఆరో పాఠంలో.

2004లో వచ్చిన వాంపైర్: ది మాస్క్వెరేడ్, బ్లడ్‌లైన్స్ ఇంకో దారి తొక్కింది. అందులో మీరే రక్తపిశాచి. ఓషన్ హౌస్ అనే పాడుబడ్డ హోటల్‌కు వెళితే, కొట్టడానికి అక్కడ ఎవరూ ఉండరు. దీపాలు, కూజాలు ఎగిరొచ్చి తగులుతాయి. పెంచుకున్న బలమంతా చేతిలో ఉంటుంది, దాన్ని ఎవరి మీద వాడాలో తెలియదు. మొదటి డయాబ్లో గేమ్‌లోని బుచర్ అనే రాక్షసుడు దీనికి తిరగేసిన బొమ్మ: పేరు తెలుసు, ఎక్కడుంటాడో తెలుసు, చర్చి బయట చావుబతుకుల్లో ఉన్నవాడు ముందే చెబుతాడు. కానీ నేలమాళిగ రెండో అంతస్తుకే అతను ఎదురవుతాడు, అప్పటికి మీ దగ్గర ఉన్నది చేరెడు బలం కూడా కాదు. అదే మనిషి మీద లెవల్ పెంచుకుని తిరిగొస్తే భయమేమీ ఉండదు. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో భూమి కింది దారుల్లో నడుస్తుంటే ఒక ఆడగొంతు రోజులు లెక్కపెడుతూ వినిపిస్తుంది, మొదటి రోజు ఇలా జరిగింది, రెండో రోజు ఇలా అని. ఆ లెక్క దేంతో ముగుస్తుందో రాక్షసులను కనే బ్రూడ్‌మదర్ ముందు నిలబడ్డాక గానీ అర్థం కాదు. లెక్కే భయపెట్టిన సందర్భం నాకు తెలిసి ఇంకొకటి ఉంది: డార్క్ సోల్స్‌లో బాసిలిస్క్ అనే జీవి వదిలే పొగ పీలిస్తే శాపం తగిలి చచ్చిపోతారు, లేచాక గరిష్ఠ హెచ్‌పీ సగమే ఉంటుంది, విరుగుడు దొరికేదాకా అంతే. అంకెను చూపించి మరీ భయపెట్టాలంటే దాన్ని ఇలా ఆడేవాడి ఒంట్లోంచి కోయాలి.

ఇప్పుడు మీ ప్రేతాన్ని బాగుచేద్దాం. డేటాబేసులో దాని పేరు చెరిపి ‘ఏదో’ అని పెట్టండి. ‘ప్రత్యక్షమైంది’ అనే మాట టెర్మ్స్ పేజీలో ఉంటుంది, దాన్ని కూడా ‘ఎదురుగా ఉంది’ అని మార్చండి. తర్వాత ‘వణుకు’ అనే స్థితి ఒకటి తయారుచేసి, అది తగిలినవారు కదలలేరని షరతు పెట్టండి. పోరాటం మొదలవగానే అది జట్టు అందరికీ తగలాలి. ఇక్కడ ఒక చిక్కుంది: అందరూ కదలలేకపోతే పారిపోయే మెనూ కూడా రాదు, ఆడేవాడు చచ్చేదాకా చూస్తూ కూర్చోవాలి. అందుకని ఒక టర్ను ముగియగానే అబార్ట్ బ్యాటిల్ కమాండుతో పోరాటం మీరే తెంచేసి, అతన్ని మ్యాపు మీద నాలుగు గడులు వెనక్కి పంపండి. అసలు పేరు, అసలు అంకెలు ఉన్న ప్రేతాన్ని ఇంకో ట్రూప్‌గా, అంటే ఇంకో శత్రువుల జట్టుగా పెట్టి, దీపమో తాయెత్తో దొరికాక కండిషనల్ బ్రాంచ్ అనే షరతు కమాండుతో దాన్ని పిలవండి. (ఎంవీలో తెలుగు మాటలు అక్షరం అక్షరంగా పడేటప్పుడు గుణింతాలు విడిపోతాయి. నేను ముఖ్యమైన వాక్యాలను బొమ్మలుగా చేసి చూపిస్తాను. బద్ధకస్తుల దారే, పని జరుగుతుంది.)

భయం ఎంత పాళ్లలో అంటారా, ఇంగువంత. నలభై గంటల గేమ్‌లో ఇలాంటి చోట్లు మూడు చాలు, నాలుగోది పెడితే పప్పంతా ఇంగువ వాసనే. వాటికి ముందు ఒక సంతో, సత్రమో ఉండాలి. సేవ్ పాయింట్ దగ్గరలోనే పెట్టండి. ఓడిపోతే ఇరవై నిమిషాలు మళ్లీ నడవాలంటే, రెండోసారి వచ్చేవాడు భయంతో రాడు, పళ్లు కొరుకుతూ వస్తాడు. సాలీళ్లను అసలు వాడకండి. గ్రౌండెడ్ అనే గేమ్‌లో సాలీడు కాళ్లు తగ్గించుకుంటూ పోయి చివరికి వట్టి ముద్దగా మార్చుకునే సెట్టింగ్ పెట్టారు, అది మర్యాద. కానీ సాలీడు భయం మనుషులు ఇంటి నుంచి తెచ్చుకునేది, అందులో మీ పనితనమేమీ లేదు.

అభ్యాసం. మూడు గదుల దిగుడుబావి కట్టండి. కేక వద్దు, నెత్తురు వద్దు, పోరాటం ఒక్కటి కూడా వద్దు. పేరు లేని వస్తువు ఒక్కటే ఉండాలి, అది తెర మీద రెండు సెకన్లకు మించి కనిపించకూడదు. గేమ్ గురించి ఏమీ తెలియని ఇద్దరిని పిలిచి, పగటిపూట ఆడించండి. వెనక నిలబడండి, ఒక్క మాట మాట్లాడకండి. వాళ్ల వేలు కీ మీద నుంచి ఎక్కడ లేచిందో, ఎన్ని సెకన్లు లేచి ఉందో కాగితం మీద రాసుకోండి. మర్నాడు అదే ఇద్దరిచేత మళ్లీ ఆడించి, మళ్లీ రాసుకోండి. రెండో రోజు ఎక్కడా వేలు లేవకపోతే గది మార్చి మూడో మనిషిని వెతుక్కోండి. ఫైలుతో పాటు ఆ కాగితం ఫొటో కూడా పంపాలి. మైనస్ 255 పెట్టిన ఆ ఇద్దరూ ముందు పాత బావిని సరిచేసి పంపండి, మెట్లు నాకు ఎడిటర్ తెరవకుండానే కనిపించాలి.