ఓటు దగ్గర తేడా వస్తే ఏం చేయాలి: సీమ ఓటర్లకు సమస్య - పరిష్కారం

ఎన్నికల్లో ఏదో తేడా జరిగిందనే మాట కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏ టీ బంకు దగ్గర నిలబడినా వినబడుతుంది. ఎవరికి ఫిర్యాదు చేశారు, ఏ కాగితం ఇచ్చారు అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. నిజానికి ఎన్నికల చట్టాల్లో దాదాపు ప్రతి తేడాకూ ఒక ఫారం ఉంది, దానికో గడువు ఉంది. గడువు దాటాక ఎంత మొత్తుకున్నా పని జరగదు. అందుకే ఓటర్ల జాబితా నుంచి ఫలితం దాకా, మన జిల్లాల్లో ఎక్కువగా ఎదురయ్యే సమస్యలను వచ్చే వరుసలోనే రాస్తున్నాను.

ముందు అది ఏ ఎన్నికో తేల్చుకోండి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలు జరిపేది భారత ఎన్నికల సంఘం. సర్పంచ్, ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ వార్డు ఎన్నికలు జరిపేది విజయవాడలోని రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండూ వేర్వేరు రాజ్యాంగ సంస్థలు. 1950 హెల్ప్‌లైన్, ఫొటో, వీడియోలతో ఫిర్యాదు పెట్టే సీ-విజిల్ యాప్ మొదటిదానివి. సర్పంచ్ ఎన్నికలో గొడవ జరిగితే వాటిలో పెట్టిన ఫిర్యాదు సరైన చోటికి చేరదు.

సమస్య: పోయినసారి ఓటేశాను, ఈసారి లిస్టులో పేరు లేదు

దీనికి మూడు కారణాలు ఉండొచ్చు. ఏది మీదో తెలిస్తేనే మందు దొరుకుతుంది.

మొదటిది, పేరు ఉంది, బూత్ మారింది. ఓటర్ల సంఖ్య పెరిగినప్పుడు బూత్‌లను విడగొడతారు. ఒకే ఇంట్లో మొగుడి ఓటు ఒక బడిలో, పెళ్లాం ఓటు ఇంకో బడిలో పడుతుంది. ఓటరు కార్డు నంబరుతో voters.eci.gov.in సైటులో వెతికితే నిమిషంలో తేలిపోతుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఇంకో గందరగోళం చేరింది. జిల్లాలు మారాయి గానీ నియోజకవర్గాలు మారలేదు. పాణ్యం నియోజకవర్గమే చూడండి: కల్లూరు, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలో ఉన్నాయి, పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాకు పోయాయి. వెతికేటప్పుడు జిల్లా పేరు మీద కాకుండా నియోజకవర్గం పేరు మీద, లేదా నేరుగా కార్డు నంబరుతో వెతకండి.

రెండోది సుగ్గి, అంటే పనుల కోసం కొన్నాళ్లు వలస పోవడం. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప కోతలకో, తెలంగాణ పత్తి చేలకో, బెంగళూరు కట్టడం పనులకో పోతాయి. బూత్ లెవల్ ఆఫీసర్ (బీఎల్‌ఓ) ఇంటికి వచ్చేసరికి తాళం ఉంటుంది. 'వలస వెళ్లారు' అని రాసుకుంటారు, పేరు పోతుంది. ఇది అన్యాయమే కాదు, చట్టానికీ విరుద్ధం. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షన్, తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఆ మనిషి ఆ ఊరి నివాసి కాకుండా పోడని స్పష్టంగా చెబుతుంది. అధికారి ముందు ఈ మాటను సెక్షన్ నంబరుతో సహా చెప్పండి. సుగ్గికి పోయే ముందు బీఎల్‌ఓకు ఫోన్ నంబరు ఇచ్చి, ఇంట్లో ఉండే ముసలివాళ్ల చేతికి ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆధార్ జిరాక్సులు ఇచ్చి పోండి. పోయిన చోట ఇంకో ఓటు మాత్రం రాయించుకోవద్దు. రెండు చోట్ల ఉంటే తప్పుడు ప్రకటన కింద ఏడాది దాకా జైలు పడొచ్చు.

మూడోది, ఎవరో మీ పేరు మీద ఫారం 7 పెట్టారు. ఫలానా ఓటరు చనిపోయాడని, ఊరు వదిలాడని అభ్యంతరం చెప్పే ఫారం అది. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఇవి లక్షల్లో వచ్చిపడి పెద్ద రచ్చ అయింది. ఫారం 7 రాగానే పేరు తీసేయడం కుదరదు. ముందు మీకు నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి. నోటీసు లేకుండా తీసేస్తే నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికి రాతపూర్వకంగా అడగండి: ఎవరి దరఖాస్తు మీద తీశారు, నోటీసు ఎప్పుడు ఇచ్చారు, ఎవరు విచారించారు? ఆయన ఉత్తర్వు నచ్చకపోతే 15 రోజుల్లో కలెక్టరుకు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

పేరు నిజంగానే పోయుంటే ఫారం 6, చిరునామా మారినా వివరాలు తప్పున్నా ఫారం 8. కువైట్‌లో ఉన్న కడప వాళ్లకు ఫారం 6ఎ ఉంది, కాకపోతే పాస్‌పోర్టు పట్టుకుని ఊరికి వచ్చి స్వయంగా ఓటేయాలి. 18 నిండిన పిల్లలకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నికకు జాబితాలో ఒక్క అక్షరం మారదు. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాలకు వారం రోజులు ఉంచుతారు కాబట్టి, చివరి రోజుకు కనీసం పది రోజుల ముందే పెట్టాలి.

సమస్య: ఎమ్మెల్యే ఎన్నికకు ఓటుంది, సర్పంచ్ ఎన్నికకు లేదు

పంచాయతీ జాబితాను కొత్తగా తయారు చేయరు. అసెంబ్లీ జాబితాను తీసుకుని వార్డులుగా కోస్తారు. కోసేటప్పుడు మీ వీధి పక్క వార్డులో పడొచ్చు, లేదా వాళ్లు తీసుకున్న అసెంబ్లీ జాబితా పాతదై ఉండొచ్చు. 2021 పంచాయతీ ఎన్నికలు 2019 జాబితాతోనే జరిగాయి. ఆ మధ్యలో 18 నిండిన పిల్లలు తమ సొంత ఊరి సర్పంచ్‌ను ఎన్నుకోలేకపోయారు. విషయం హైకోర్టు దాకా వెళ్లినా ఎన్నికలు ఆ జాబితాతోనే అయిపోయాయి.

ముసాయిదా జాబితాను పంచాయతీ ఆఫీసులో అంటించిన రోజే వెళ్లి చూడండి. వార్డు తప్పయితే అభ్యంతరాన్ని అక్కడే కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి. అసలు పేరే లేకపోతే పంచాయతీ కార్యదర్శి ఏం చేయలేరు, ముందు అసెంబ్లీ జాబితాలో చేరాలి. ఎన్నికల ప్రకటన వచ్చాక పరుగెత్తేకంటే ఇప్పుడే ఫారం 6 పెట్టుకోవడం నయం.

సమస్య: మా ఊళ్లో నామినేషనే వేయనివ్వలేదు, ఏకగ్రీవం చేశారు

ఊరంతా కూర్చుని ఒక మంచి మనిషిని ఒప్పుకుంటే సంతోషమే. 2021లో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం కూడా ప్రకటించారు. కానీ గుడి దగ్గర సర్పంచ్ పదవికి వేలం పాడి ఎక్కువ డబ్బు పెట్టినవాడికి ఇవ్వడం, పోటీకి దిగిన మనిషి చేతిలో నామినేషన్ కాగితాలు లాక్కోవడం, వాటిని ఏకగ్రీవం అనకూడదు. గుడికి డబ్బు వచ్చిందిగా అని సమాధానపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఐదేళ్లు ప్రశ్నించే హక్కును ఆ రోజే అమ్ముకున్నారని మాత్రం ఒప్పుకోరు.

ఒంటరిగా, చివరి రోజు చివరి గంటలో వెళ్లడం వల్లే ఎక్కువగా దెబ్బతింటారు. మొదటి రోజే వేయండి. ఒకటికి రెండు సెట్లు తయారు చేసుకోండి, వాటి జిరాక్సులు ఇంట్లో ఉంచండి. ప్రతిపాదించే వ్యక్తి పేరు జాబితాలో ఏ వార్డులో ఉందో ముందే చూసుకోండి, చాలా నామినేషన్లు పరిశీలనలో పోయేది ఇలాంటి చిన్న లోపాల మీదే. అడ్డుకుంటారనే అనుమానం ఉంటే ముందు రోజే ఎస్పీకి, కలెక్టరుకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాతపూర్వకంగా భద్రత అడగండి. ఆ కాపీ మీద స్టాంపు పడితే రేపు కోర్టులో అదే మీ సాక్ష్యం. అడ్డుకున్న రోజు రాత్రి ఇంటికొచ్చి ఏడ్చి, వారం తర్వాత ఫిర్యాదు చేస్తే నమ్మేవాళ్లు తక్కువ.

సమస్య: చీనీకాయలు అమ్మిన డబ్బు చెక్‌పోస్టులో పట్టుకున్నారు

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50 వేలకు మించిన నగదుకు లెక్క చూపాలి. అనంతపురం మండీ నుంచో, ఆదోని పత్తి మార్కెట్ నుంచో వచ్చేటప్పుడు అమ్మకం చీటీ, బ్యాంకు కాగితం జేబులో ఉండాలి. పట్టుకుంటే రసీదు తప్పకుండా అడగండి. కేసు నమోదు కాని డబ్బును విడిపించడానికి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది. ఆ కమిటీ వివరాలు రసీదు మీదే ఉండాలి. చీటీలతో వెళ్తే తిరిగి ఇస్తారు.

సమస్య: నేను పోయేసరికే నా ఓటు ఎవరో వేసేశారు

మన జిల్లాల్లో జనం ఎక్కువగా తిరిగి వచ్చేసేది ఇక్కడే. 'అయిపోయింది, పోండి' అంటారు, పోతారు. పోవద్దు. మీరే అసలు ఓటరు అని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు, అంటే బూత్‌ను నడిపే అధికారికి, రుజువు చూపి టెండర్ ఓటు అడగండి. ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49పి ఇదే. మిషన్ మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని వేరే కవరులో పెడతారు, మీ పేరు ఫారం 17బి లో రాస్తారు. సర్పంచ్, జెడ్పీటీసీ లాంటి ఎన్నికల్లోనూ ఈ ఏర్పాటు ఉంది. మామూలు లెక్కింపులో అది కలవదు. మరి ఎందుకంటారా? ఒక బూత్‌లో 30 టెండర్ ఓట్లు పడ్డాయంటే దొంగ ఓట్లు పడ్డాయని ప్రభుత్వ రికార్డే ఒప్పుకున్నట్టు. గెలుపోటముల మధ్య ఓట్ల తేడా తక్కువగా ఉన్న చోట కోర్టు ఆ కవరు తెరిపించొచ్చు. తిరిగి వెళ్లిపోయిన 30 మంది కోపానికి మాత్రం ఏ రికార్డూ ఉండదు.

దొంగ ఓటు పడకముందే ఆపాల్సింది బూత్‌లో కూర్చునే అభ్యర్థి ఏజెంటు. వచ్చిన మనిషి ఆ పేరు మనిషి కాదనిపిస్తే 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు, ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారించాలి. అందుకని ఏజెంటుగా ఊరి ముఖాలన్నీ తెలిసిన మనిషిని పెట్టాలి. చాలా పార్టీలు గొంతు పెద్దదిగా ఉన్నవాణ్ని పెడతాయి.

ఓటరు స్లిప్పు ఒక్కటే పట్టుకుపోతే చెల్లదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి ఏదో ఒకటి ఉండాలి.

సమస్య: మిషన్ మీద అనుమానం

కరెంటు పోతే ఓట్లు పోతాయనే భయం అక్కర్లేదు, మిషన్ బ్యాటరీ మీద నడుస్తుంది. మీరు నొక్కిన గుర్తు, పక్కనే స్లిప్పు అచ్చు వేసే వీవీప్యాట్ డబ్బా అద్దంలో 7 సెకన్లు కనబడుతుంది. కంగారులో చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. నిలబడి చూడండి. వేరే గుర్తు వచ్చిందని తోస్తే రాతపూర్వకంగా ప్రకటన ఇచ్చి, అందరి ముందు టెస్ట్ ఓటు వేసి చూపించమని అడగొచ్చు. అబద్ధమని తేలితే కేసు మీ మీదకే వస్తుంది, కాబట్టి కళ్లారా చూస్తేనే ఆ పని చేయండి.

నా లెక్కలో అసలు పట్టుకోవాల్సింది రెండు చోట్ల. ఒకటి, పొద్దున జరిగే మాక్ పోల్. పోలింగ్‌కు 90 నిమిషాల ముందు కనీసం 50 ఓట్లు వేసి చూపించి, ఆ లెక్క చెరిపేసి, వీవీప్యాట్ డబ్బాలోని స్లిప్పులు తీసి నల్ల కవరులో సీల్ చేయాలి. చెరపడం మరచిపోతే సాయంత్రం లెక్క తప్పుతుంది, మోసం జరిగిందని ఊరంతా అంటుంది. తెల్లవారుజామున నిద్ర లేవని ఏజెంటు ఉన్న పార్టీకి ఆ తర్వాత అడిగే బలం ఉండదు. రెండోది, సాయంత్రం ఇచ్చే ఫారం 17సి. ఆ బూత్‌లో పడిన మొత్తం ఓట్లు, మిషన్ నంబర్లు, సీళ్ల నంబర్లు అందులో ఉంటాయి. సంతకం పెట్టిన కాపీ ఏజెంటుకు ఇచ్చి తీరాలి. లెక్కింపు రోజు మిషన్ నంబరు, మొత్తం ఓట్లు దానితో సరిపోల్చాలి. నియోజకవర్గంలోని అన్ని బూత్‌ల 17సి లు ఒక ఫైలులో ఉన్న అభ్యర్థిని ఎవరూ సులువుగా మోసం చేయలేరు. స్థానిక ఎన్నికలు కాగితం బ్యాలెట్‌తో జరిగితే ఇదే జాగ్రత్త పెట్టె మీద పెట్టాలి: ఖాళీ పెట్టె చూపించారా, సీలు నంబరు రాసుకున్నారా, బ్యాలెట్ లెక్క కాపీ ఇచ్చారా?

సమస్య: బూత్‌లో గొడవ జరిగింది, బలవంతంగా వేసుకున్నారు

2025 ఆగస్టు 12న పులివెందుల జెడ్పీటీసీ ఉప ఎన్నిక జరిగితే, ఫిర్యాదుల మీద రెండు కేంద్రాల్లో మరుసటి రోజే రీపోలింగ్ పెట్టారు. అంటే నిర్ణయానికి ఉండే సమయం ఒక్క రాత్రి. గొడవ జరిగిన వెంటనే ప్రిసైడింగ్ ఆఫీసర్ డైరీలో రాయించండి, రిటర్నింగ్ అధికారికీ పరిశీలకుడికీ సాయంత్రంలోగా కాగితం అందించండి. అసెంబ్లీ ఎన్నికలయితే మర్నాడు పరిశీలకుడి ముందు బూత్ రికార్డులు తనిఖీ చేస్తారు, అభ్యర్థి మనిషి అక్కడ ఉండాలి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో డబ్బు పంపకం, బెదిరింపు కంటబడితే సీ-విజిల్‌లో అప్పటికప్పుడు తీసిన ఫొటో, వీడియో పెట్టండి. మీ పేరు చెప్పకుండానే పెట్టొచ్చు, 100 నిమిషాల్లో స్పందించాలి. పైవాళ్లు ఏమీ చేయరనుకోవద్దు. 2024 మే 13 పోలింగ్ తర్వాత తాడిపత్రిలో దాడులు జరిగినప్పుడు ఎన్నికల సంఘం అనంతపురం ఎస్పీనే సస్పెండ్ చేసింది.

సమస్య: ఎవరికి వేశామో ఊరికి తెలిసిపోతుంది

దీనికి ఓటరు చేతిలో మందు లేదు. లెక్కింపు బూత్ వారీగా జరుగుతుంది, ఆ అంకెలు ఫారం 20లో బయటికి వస్తాయి. ఒకే బూత్ ఉన్న చిన్న ఊరు ఎటు మొగ్గిందో అందరికీ తెలిసిపోతుంది. ఫ్యాక్షన్ చూసిన మన ఊళ్లలో ఆ తెలియడం వల్లే రోడ్డు ఆగిపోతుంది, పింఛను ఆగుతుందనే భయం పుడుతుంది. 14 బూత్‌ల మిషన్లను కలిపి ఒకే మొత్తంగా లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో బలపరిచింది, కేంద్రం ఒప్పుకోలేదు. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ మనం అడగాల్సిన ప్రశ్నల్లో ఇది ముందుండాలని నా అభిప్రాయం.

సమస్య: ఫలితం తప్పని నమ్ముతున్నాం

సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లో, ఖర్చు కట్టి, 5 శాతం మిషన్లను తనిఖీ చేయమని అడగొచ్చు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నిక మీద హైకోర్టులో పిటిషన్ వేయడానికి గడువు 45 రోజులు. స్థానిక ఎన్నికలకు ఎన్నికల ట్రిబ్యునల్ ఉంది, ఫలితం వచ్చిన వారంలోనే లాయరును కలవండి. అసెంబ్లీ ఎన్నిక మీద పిటిషన్ ఓడిన అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా వేయొచ్చు.